ఒళ్లు ఎందుకు చల్లబడుతుంది?
(రక్తం పోయినప్పుడు మన కణాలు మాట్లాడుకునే తీరు)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని ఆలోచించాం. చివరికి మేము చదువుకున్న శాస్త్రంలోంచి, మన అందరికీ ఏదో ఒక రోజు పనికొచ్చే విషయం ఒకటి రాయాలని అనుకున్నాం. దానికి కారణం ఈ హాస్టల్ గేటు ముందు జరిగిన ఒక సంఘటనే.

మేము ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు ఒక ఆదివారం సాయంత్రం మా రూమ్మేట్‌ను రోడ్డు దాటుతుండగా ట్రాక్టర్ ట్రాలీ కొట్టింది. తొడ వంకర తిరిగి వాచింది. చర్మం తెగలేదు. రక్తం చుక్క కూడా కనబడలేదు. "రక్తం పోలేదు, అదృష్టవంతుడు" అనుకున్నాం. ఆటోలో కూర్చోబెట్టుకుని దగ్గరలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ బీపీ చూసి "బాగానే ఉంది, ఎక్స్‌రే తీసేదాకా కూర్చోండి" అన్నారు. బెంచీ మీద కూర్చోబెట్టాం. వాడు మాటిమాటికీ నీళ్లు అడిగాడు. చేతులు మంచులా ఉన్నాయి, నుదుటి నిండా చెమట. భయపడ్డాడులే అనుకున్నాం. గంట తిరక్కముందే మాట తడబడింది, తల వాల్చేశాడు. మళ్లీ చూస్తే బీపీ పై అంకె 70!

పెద్దాసుపత్రికి తరలించారు. వెంటనే రక్తం కావాలన్నారు. మేము చేతులు చాపాం కానీ 18 ఏళ్లు నిండలేదని మమ్మల్ని పక్కన పెట్టారు. ఆ రాత్రి మన హాస్టల్ పాత విద్యార్థులు ఇద్దరు బైకు మీద వచ్చి రక్తం ఇచ్చారు. మా వాడు బతికాడు. ఇప్పుడు కొంచెం కుంటుతాడు కానీ అన్ని పనులూ చేసుకుంటాడు. ఆయన ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాం. పేరు మాత్రం వద్దన్నాడు.

ఆ రోజు మాకు అర్థం కాని ప్రశ్నలు మూడు. కనబడని రక్తం ఎక్కడికి పోయింది? రక్తం పోతుంటే బీపీ ఎందుకు బాగానే ఉంది? చేతులు ఎందుకు చల్లబడ్డాయి? డిగ్రీలో ఫిజియాలజీ పాఠం విన్నాక గానీ జవాబులు దొరకలేదు.

రక్తం ఎంత? పోతే ఏమవుతుంది?

పెద్దవాళ్ల ఒంట్లో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే 60 కిలోల మనిషికి నాలుగు లీటర్లకు కొంచెం ఎక్కువ. తొడ ఎముక విరిగితే చర్మం తెగకపోయినా లోపలి కండరాల మధ్యకు లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం కారిపోవచ్చు. మా మొదటి ప్రశ్నకు జవాబు అదే. నేల మీద పడలేదు గానీ రక్తం నాళాల్లోంచి పోయింది.

వైద్యులు ఈ నష్టాన్ని నాలుగు మెట్లుగా లెక్కిస్తారు. మొత్తం రక్తంలో 15 శాతం లోపు పోతే పెద్దగా ఏమీ తెలియదు. 15 నుంచి 30 శాతం దాకా పోతే నాడి వేగం పెరుగుతుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి, మనిషి కంగారు పడతాడు. కానీ బీపీ పై అంకె చాలామందిలో ఇంకా నిలబడే ఉంటుంది. 30 శాతం దాటాక బీపీ పడిపోవడం మొదలవుతుంది. 40 శాతం దాటితే ప్రాణానికే ముప్పు. కుర్రవాళ్లలో, గట్టి గుండె ఉన్నవాళ్లలో బీపీ ఎక్కువసేపు నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది. మా రూమ్మేట్ విషయంలో జరిగింది ఇదే.

మరి లీటరుకు పైగా రక్తం పోయినా బీపీని అంతసేపు నిలబెట్టింది ఎవరు?

వాటర్ ట్యాంకు లెక్క

మన హాస్టల్లో ఎండాకాలం ట్యాంకులో నీళ్లు తగ్గినప్పుడు వాచ్‌మన్ ఏం చేసేవాడో గుర్తుందా? బట్టలు ఉతికే దగ్గరి కుళాయిలు కట్టేసేవాడు. స్నానాల గదుల వాల్వు తిప్పేసేవాడు. వంటగది కుళాయి ఒక్కటి వదిలేవాడు. మనం తిట్టుకున్నా, రాత్రి అన్నం మాత్రం వండేవారు.

ఒళ్లు కూడా అదే పని చేస్తుంది. ఇక్కడ వంటగది అంటే గుండె, మెదడు. మిగతా కుళాయిలు చర్మం, కండరాలు, పేగులు, మూత్రపిండాలు. వాల్వులు తిప్పేది చిన్న ధమనుల గోడల్లో ఉండే నునుపు కండర కణాలు. అవి బిగుసుకుంటే నాళం సన్నబడుతుంది, ఆ వైపు రక్తం తగ్గుతుంది, పెద్ద నాళాల్లో ఒత్తిడి నిలబడుతుంది. చర్మానికి రక్తం తగ్గింది కాబట్టి చేతులు చల్లబడ్డాయి. పెద్దవాళ్లు "ఒళ్లు చల్లబడుతోంది" అని భయపడేది ఊరికే కాదు. వాళ్లు పాఠం చదవకపోయినా లక్షణాన్ని సరిగ్గానే పట్టుకున్నారు.

అయితే ఆ వాల్వు తిప్పమని కణానికి చెప్పేది ఎవరు? కణం ఎలా వింటుంది? దీన్నే కణ సంకేతాలు అంటారు. కొంచెం ఓపికగా చదవండి. బైపీసీ వాళ్లకు పరీక్షలకు కూడా పనికొస్తుంది.

కబురు కణంలోకి వెళ్లే దారి

మెడలోని పెద్ద ధమనిలోను, గుండె నుంచి బయలుదేరే మహాధమని వంపులోను ఒత్తిడిని కనిపెట్టే నాడి కొసలు ఉన్నాయి. ఒత్తిడి కొంచెం తగ్గగానే అవి మెదడు కింది భాగానికి పంపే సంకేతాలు తగ్గిపోతాయి. క్షణాల్లో సానుభూతి నాడీ వ్యవస్థ మేల్కొంటుంది. నాడుల చివరల నుంచి నార్ఎడ్రినలిన్, మూత్రపిండాల పైనుండే గ్రంథుల నుంచి ఎడ్రినలిన్ విడుదలవుతాయి.

ఈ హార్మోన్లు కణం లోపలికి పోవు. గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. కణ త్వచంలో ఆల్ఫా-1 అనే గ్రాహకం ఉంటుంది. నార్ఎడ్రినలిన్ దానికి అతుక్కోగానే దాని ఆకారం మారుతుంది. లోపలి వైపున కాచుకుని ఉన్న జి-ప్రోటీన్ కదులుతుంది. అది ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము త్వచంలోని ఒక కొవ్వు పదార్థాన్ని కోసి ఐపీ-3 అనే చిన్న అణువును తయారుచేస్తుంది. ఐపీ-3 పోయి కణం లోపలి సంచుల్లో దాచిన కాల్షియంను బయటికి వదిలిస్తుంది. కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి మరో ఎంజైమును పనిలో పెడుతుంది. ఆ ఎంజైము వల్ల మయోసిన్ పోగులు ఏక్టిన్ పోగులను పట్టి లాగుతాయి. కణం బిగుసుకుంటుంది. వాల్వు తిరిగింది!

ఒక్కో మెట్టు దగ్గర కబురు పెద్దదవుతుంది. వార్డెన్ సార్ ఒక్క మాట చెబితే లీడర్లకు, లీడర్ల నుంచి ప్రతి గదికీ పాకినట్టు, కొద్దిపాటి హార్మోనుతో కణమంతా కదులుతుంది. గుండెలో బీటా-1 అనే వేరే గ్రాహకం ఉంది. అది సైక్లిక్ ఏఎంపీ అనే అణువు ద్వారా గుండెను వేగంగా, గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది. ఈ సైక్లిక్ ఏఎంపీని కనుగొన్న సదర్లాండ్‌కు 1971లో, జి-ప్రోటీన్లను కనుగొన్న గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో, ఈ కుటుంబపు గ్రాహకాలపై పనిచేసిన లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ బహుమతులు వచ్చాయి.

గుండె, మెదడు నాళాలు ఎందుకు మూసుకోవు? అక్కడ ఈ బిగించే కబురుకు అంత బలం లేదు. పైగా ఆక్సిజన్ తగ్గినా, కార్బన్ డయాక్సైడ్ పెరిగినా అక్కడి కణాలే అడినోసిన్ వంటి పదార్థాలను వదిలి నాళాలను వెడల్పు చేసుకుంటాయి.

ఇంకా రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మూత్రపిండాలు రెనిన్‌ను వదిలి, దాని ద్వారా యాంజియోటెన్సిన్-2 అనే మరో బిగించే హార్మోను తయారయ్యేలా చేస్తాయి. పిట్యూటరీ గ్రంథి వాసోప్రెసిన్‌ను వదులుతుంది. ఇవి నాళాలను బిగిస్తాయి, మూత్రం తగ్గిస్తాయి, దాహం పుట్టిస్తాయి. మా వాడు నీళ్లు నీళ్లు అని ఎందుకు అడిగాడో ఇప్పుడు తెలిసింది కదా!

అమ్మ అడిగిన ప్రశ్న

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పాఠమంతా అమ్మకు చెప్పాం. అమ్మ బీడీలు చుట్టుకుంటూ మొత్తం విన్నది. చివరికి ఒకే మాట అడిగింది.

"మరి మా అక్కకు రక్తం ఎక్కిచ్చిండ్రు గద బిడ్డా. ఎందుకు బతకలే?"

మా పెద్దమ్మ మేము పుట్టకముందే, మూడో కాన్పులో పోయింది. రాత్రి ఇంట్లోనే ప్రసవం అయింది. రక్తస్రావం ఆగలేదు. అప్పటికి 108 బండ్లు లేవు. మన రాష్ట్రంలో ఆ సేవ మొదలైంది 2005లో. ట్రాక్టర్ దొరికేసరికి అర్ధరాత్రి, పట్నం చేరేసరికి తెల్లవారుజాము, రక్తం దొరికేసరికి పొద్దెక్కింది. రెండు సీసాలు ఎక్కించారు. బీపీ కొంచెం లేచి మళ్లీ పడిపోయిందని చెప్పారట. నిండు గర్భిణి గర్భాశయానికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. కాన్పు తర్వాత గర్భాశయం గట్టిపడకపోతే ఎంత త్వరగా ఎంత పోతుందో ఊహించుకోండి.

అమ్మ ప్రశ్నకు మా దగ్గర అప్పుడు జవాబు లేదు. పీజీకి వచ్చాక వెతికాం. ఈ వ్యాసంలో ముఖ్యమైన సంగతి ఇదే.

కణాలకు చెవుడు వస్తే

అమెరికాలో కార్ల్ విగ్గర్స్ అనే శాస్త్రవేత్త 1940వ దశకంలో కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. రక్తం తీసి, బీపీని కొన్ని గంటలు తక్కువలో ఉంచి, తర్వాత తీసిన రక్తమంతా తిరిగి ఎక్కించాడు. బీపీ లేచింది. కానీ చాలా కుక్కల్లో మళ్లీ నెమ్మదిగా పడిపోయింది, అవి చనిపోయాయి. పోయిన రక్తం తిరిగి వచ్చింది, అయినా ప్రాణం నిలవలేదు. అంటే ఆ గంటల్లో ఒంట్లో ఇంకేదో చెడిపోయిందన్నమాట.

చెడిపోయినవాటిలో ముఖ్యమైనది వినికిడి. హార్మోన్లు అరుస్తూనే ఉంటాయి, నాళాల కణాలు వినడం మానేస్తాయి. ఎందుకంటే...

మొదటిది, ఆక్సిజన్ అందక కణాల్లో ఏటీపీ తగ్గుతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఏటీపీ తగ్గితే తెరుచుకునే పొటాషియం ద్వారాలు నునుపు కండర కణాల్లో ఉన్నాయి. అవి తెరుచుకోగానే పొటాషియం బయటికి పోయి కణం లోపల రుణ విద్యుదావేశం పెరుగుతుంది. అప్పుడు బయటి నుంచి కాల్షియం వచ్చే ద్వారాలు తెరుచుకోవు. కాల్షియం లేనిదే బిగింపు లేదు.

రెండోది, నైట్రిక్ ఆక్సైడ్. ఇది వాయువు. మామూలప్పుడు నాళాల లోపలి పొర దీన్ని కొద్దికొద్దిగా తయారుచేసి నాళాన్ని మెత్తగా ఉంచుతుంది. నాళాలను సడలించే సంకేతం ఇదేనని తేల్చినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. షాక్ గంటల తరబడి సాగితే దీన్ని పెద్ద మొత్తంలో తయారుచేసే మరో ఎంజైము పుట్టుకొస్తుంది. బిగించమని ఒకవైపు, సడలమని ఇంకోవైపు కబుర్లు. చివరికి సడలింపే గెలుస్తుంది.

మూడోది, ఎడతెగకుండా హార్మోను తగులుతుంటే గ్రాహకాలే మొద్దుబారిపోతాయి. కొన్ని కణం లోపలికి వెళ్లిపోతాయి. రోజంతా బెల్లు మోగుతుంటే మనం పట్టించుకోవడం మానేసినట్టే.

నాలుగోది, పిట్యూటరీలో దాచిన వాసోప్రెసిన్ ఖర్చయిపోతుంది. మొదట చాలా ఎక్కువగా ఉన్న ఆ హార్మోను తర్వాత అవసరానికి తక్కువైపోతుంది.

ఇప్పుడు ట్యాంకు లెక్కకు రండి. వాల్వులన్నీ అరిగిపోయి ఒక్కటీ బిగియడం లేదనుకోండి. ట్యాంకరు తెచ్చి నీళ్లు పోసినా ఒత్తిడి రాదు. ఒంట్లోనూ అంతే. ఎక్కించిన రక్తం వెడల్పైపోయిన నాళాల్లో పరుచుకుపోతుంది. గుండెకు తిరిగి వచ్చేది తక్కువ. పైగా ఒళ్లు చల్లబడి, ఆమ్లం పెరిగితే రక్తం గడ్డకట్టే శక్తి కూడా తగ్గుతుంది, రక్తస్రావం ఇంకా పెరుగుతుంది.

అమ్మకు ఇలా చెప్పాం: "అమ్మా, పెద్దమ్మకు రక్తం దొరికింది. కానీ అప్పటికి నరాలకు వినే శక్తి పోయింది. ఆ రక్తమే నాలుగు గంటల ముందు అందితే బతికేదేమో." అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గట్లనా" అన్నది. ఇన్నేళ్లూ ఆమె మనసులో ఎక్కించిన రక్తం మంచిది కాదేమోనన్న అనుమానం ఉండేదని ఆ రోజే మాకు తెలిసింది.

మా రూమ్మేట్ తేరుకున్నాడు, పెద్దమ్మ తేరుకోలేదు. ఇద్దరికీ ఉన్న తేడాలో పెద్ద భాగం గంటలదే.

ఈ శాస్త్రం వెనుక ఒక వడ్రంగి

ఇక్కడ ఒకాయన గురించి చెప్పకుండా ఉండలేం. వివియన్ థామస్ అమెరికాలోని నల్లజాతి యువకుడు, 1910లో పుట్టాడు. వడ్రంగి పని చేస్తూ కాలేజీ కోసం డబ్బు కూడబెట్టాడు. ఆర్థిక మాంద్యంలో బ్యాంకు మునిగి ఆ డబ్బంతా పోయింది. 1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ అనే డాక్టరు ప్రయోగశాలలో చేరాడు. చేసేది పరిశోధన, జీతం మాత్రం ఊడ్చేవాళ్ల లెక్కలో. దెబ్బలు తగిలినప్పుడు వచ్చే షాక్‌కు కారణం ఏదో విషం కాదు, నాళాల్లోంచి రక్తం, ద్రవం పోవడమేనని చూపిన ప్రయోగాల్లో ఆయన చేతులు ఉన్నాయి. దాని వల్లే రెండో ప్రపంచ యుద్ధంలో ఎందరో సైనికులకు సమయానికి రక్తం, ప్లాస్మా ఎక్కించారు. కాలేజీ డిగ్రీ లేని ఆ మనిషికి 1976లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మొదటి తరం చదువుకుంటున్న మనకు ఈ పేరు తెలిసి ఉండాలి.

ఇప్పుడు వైద్యులు ఏం చేస్తున్నారు?

సమయం విలువ పెద్ద పరిశోధనల్లో కూడా తేలింది. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనం 40 దేశాల్లో 20 వేలకు పైగా క్షతగాత్రుల మీద జరిగింది. మన దేశం కూడా అందులో ఉంది. గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపే ట్రానెక్సమిక్ ఆమ్లం అనే చవకైన మందు ప్రాణాలు కాపాడుతుందని అందులో తేలింది. కానీ మూడు గంటల లోపు ఇస్తేనే. 2017లో ప్రసవ రక్తస్రావం మీద వచ్చిన అధ్యయనం కూడా త్వరగా ఇవ్వడమే మేలని చెప్పింది. కాబట్టి ముందు రక్తం కారడం ఆపడం, త్వరగా రక్తం ఎక్కించడం, ఒళ్లు వెచ్చగా ఉంచడం ఇప్పటి పద్ధతి. నిల్వ రక్తంలో కలిపే సిట్రేట్ కాల్షియంను పట్టేస్తుంది కాబట్టి ఎక్కువ రక్తం ఎక్కించేటప్పుడు కాల్షియం కూడా ఇస్తారు. కాల్షియం ఎందుకో మీకిప్పుడు చెప్పనక్కర్లేదు.

మనం చేయాల్సింది

1. బీపీ బాగుందని ఊరుకోవద్దు. చల్లని చేతులు, చెమట, దాహం, కంగారు, నిమిషానికి 100 దాటిన నాడి, ఇవే ముందు వచ్చే కబుర్లు. నాడి సంఖ్య బీపీ పై అంకెను మించితే చాలా ప్రమాదం. గోరు ఐదు సెకన్లు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి.

2. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా నొక్కి పట్టండి. బట్ట తడిస్తే తీయకుండా దాని మీదే ఇంకొకటి పెట్టి నొక్కండి.

3. మనిషిని కూర్చోబెట్టవద్దు, పడుకోబెట్టండి. విరిగిన కాలిని కదపవద్దు. దుప్పటి కప్పండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి నోటి ద్వారా నీళ్లు, టీ ఇవ్వవద్దు.

4. వెంటనే 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలిన సమయం గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. పోలీసు కేసు అని భయపడవద్దు. సాయం చేసినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తోంది.

5. ఇళ్లలో గర్భిణులు ఉంటే కాన్పు ఆసుపత్రిలోనే జరిగేలా చూడండి.

6. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండి, ఆరోగ్యంగా ఉన్నవారు రక్తం ఇవ్వొచ్చు. తీసుకునేది 350 మిల్లీలీటర్లే, 55 కిలోలు దాటినవారి దగ్గర 450 దాకా. పైన చెప్పిన లెక్క ప్రకారం 15 శాతం లోపే కదా! మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు.

చివరగా ఈ వార్షికోత్సవానికి వచ్చే అన్నలందరికీ ఒక విన్నపం. సభ జరిగే రోజు మెస్ దగ్గర ఒక రిజిస్టరు పెడుతున్నాం. మీ పేరు, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు అందులో రాయండి. దాని నకలు వార్డెన్ సార్ గదిలో ఉంటుంది. ఏ రాత్రి ఏ తమ్ముడికి రక్తం కావాల్సి వచ్చినా ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. ఆ రోజు మేము పదిహేడేళ్ల వాళ్లం కాబట్టి ఇవ్వలేకపోయాం. ఇప్పుడు ఇవ్వగలం. ఆ రిజిస్టరులో మొదటి పేరు మా రూమ్మేట్ రాస్తానన్నాడు, రెండోది మాది.